పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కట్టిన ఇళ్లను కాపాడే డబ్బు ఎక్కడిది?

అల్పాదాయ కుటుంబాల కోసం స్థానిక సంస్థలు కట్టించే ఇళ్ల గురించి గత సంచికలో ఒక వ్యాసం ప్రచురించాం. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాలలో చాలా వాటి సారాంశం ఒక్కటే: కట్టడం సరే, కట్టిన తరువాత ఆ ఇళ్ల బాగోగులు ఎవరి ఖర్చుతో జరగాలి? వాటిలో ఎనిమిది ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లను, ఊళ్లను వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను పురపాలక సంఘంలో ఎన్నికైన సభ్యురాలిని. కొత్త ఇళ్లు కట్టిస్తామంటే ఏదో ఒక పథకం కింద పై ప్రభుత్వం నుంచి నిధులు వస్తున్నాయి. ఇరవై ఏళ్ల క్రితం కట్టిన ఇళ్ల పైకప్పులు బాగు చేయించాలంటే మాత్రం ఏ పద్దు కిందా డబ్బు లేదంటున్నారు. ఎందుకీ తేడా?

జవాబు: కొత్త ఇంటికి ఇచ్చే డబ్బు ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోదగినది, మరమ్మతుకు ఇచ్చే డబ్బు ఏటా ఇవ్వవలసినది. ఏటా ఇస్తానని మాట ఇవ్వడానికి ఏ పై ప్రభుత్వమూ సులభంగా ఒప్పుకోదు. అందుకే గృహ నిర్మాణ గ్రాంట్లలో అధిక భాగం మూలధన వ్యయానికే, అంటే కొత్తగా కట్టే ఖర్చుకే పరిమితమవుతాయి. నిర్వహణ ఖర్చు స్థానిక సంస్థ రెవెన్యూ పద్దు మీద పడుతుంది, జీతాలు, వీధి దీపాలు, పారిశుద్ధ్యం, తాగునీరు అన్నీ అప్పటికే పంచుకుంటున్న ఆ పద్దులో మరమ్మతుల వంతు ఎప్పుడూ చివరిదే అవుతుంది. దీపం ఆరిపోతే ఆ రాత్రే జనం అడుగుతారు, పైకప్పులోకి చెమ్మ దిగడం మొదలైన సంగతి ఎవరికీ తెలియదు.

ఈ ఏర్పాటు ఎక్కడికి దారి తీస్తుందో అమెరికా అనుభవం స్పష్టంగా చూపింది. అక్కడ 1937 నాటి గృహ చట్టం ప్రకారం నిర్మాణానికి చేసిన అప్పు భారాన్ని కేంద్రం మోసింది, ఇళ్లను నడిపే ఖర్చును మాత్రం స్థానిక గృహ సంస్థలు అద్దెల నుంచే రాబట్టుకోవలసి వచ్చింది. భవనాలు కొత్తవిగా ఉన్నంతకాలం, అద్దెకున్నవారికి నిలకడైన జీతాలు ఉన్నంతకాలం ఈ లెక్క కుదిరింది. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో 1950ల నడుమ పూర్తయిన ప్రూయిట్–ఐగో సముదాయంలో అది పూర్తిగా తప్పింది. పదకొండు అంతస్తుల భవనాలు 33 కట్టారు. నగర జనాభా తగ్గుతూ వచ్చింది, చేరినవారిలో పేదరికం పెరిగింది, ఫ్లాట్లు ఖాళీ కావడంతో అద్దె రాబడి పడిపోయింది. రాబడి పడిపోయిన కొద్దీ లిఫ్టులు, పైపులు, కిటికీలు బాగు చేయించడం ఆగిపోయింది. బాగు చేయించని ఇళ్లలో ఉండలేక మరికొందరు వెళ్లిపోయారు. 1969లో అద్దెదారులు అద్దె కట్టడం మానేసి సమ్మె చేశారు, 1972లో కూల్చివేత మొదలై 1976 నాటికి సముదాయమంతా నేలమట్టమయింది. ఆ వైఫల్యానికి భవనాల నమూనాను తప్పుపట్టినవారు, అందులో ఉన్నవారినే తప్పుపట్టినవారు చాలామంది ఉన్నారు. ఆ నమూనాలో లోపాలు లేకపోలేదు గాని, అద్దె రాబడి తగ్గినప్పుడు మరమ్మతులకు మరో ఆధారం లేకుండా లెక్క వేయడమే అన్నిటికన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం.

మీరు సభ్యురాలు కాబట్టి మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. తరువాతిసారి కొత్త ఇళ్ల గ్రాంటును అంగీకరించే తీర్మానం సమావేశానికి వచ్చినప్పుడు, ఆ ఇళ్ల మొదటి ముప్పై ఏళ్ల నిర్వహణ ఖర్చు అంచనాను, ఆ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో తెలిపే వివరాన్ని అదే తీర్మానానికి జతచేయాలని పట్టుబట్టండి. ఇల్లు అప్పగించిన తరువాత అడిగితే, ఆ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఇంజనీరును. మా సముదాయంలో స్లాబు కురుస్తోందని నాలుగేళ్లుగా చెబుతున్నా, నిధులు వచ్చాక ఒకేసారి చేయిస్తామని అధికారులు వాయిదా వేస్తున్నారు. వాయిదా వల్ల ఎంత నష్టం జరుగుతుందో సామాన్యులకు అర్థమయ్యేలా మీరు వివరించగలరా?

జవాబు: మీకు తెలిసిన విషయమే అయినా ఇతర పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాను. డాబా మీద పిట్టగోడ మూలన వాననీరు బయటికి పోయే తూము ఒకటి ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిన ఆకులు, దుమ్ము అందులో పేరుకుని అది మూసుకుపోయిందనుకుందాం. ఒక మనిషి మెట్లెక్కి వెళ్లి, చేత్తో ఆ చెత్త తీసివేయడానికి పావుగంట పడుతుంది. ఎవరూ వెళ్లలేదు. నీరు అడుగు వెడల్పున నిలిచి, నాచు పట్టి, పైపూతలోని సన్నని బీటలోంచి కాంక్రీటులోకి దిగింది. కింద గదిలో ఉన్నవారికి మొదట పసుపుపచ్చని మరక ఒకటి కనిపించింది. వారు దాని మీద సున్నం వేయించుకున్నారు. లోపల ఇనుప చువ్వలకు తుప్పు పట్టింది. తుప్పుకు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు కోసం అది చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచి నెట్టి పగలగొడుతుంది. అప్పుడు పెచ్చులు ఊడిపడతాయి, చువ్వలు బయటపడతాయి, బయటపడిన చువ్వలు మరింత వేగంగా తుప్పు పడతాయి. ఆ దశలో తూము శుభ్రం చేసినా, పైన కొత్త పూత వేసినా పని జరగదు. పాడైన కాంక్రీటును చెక్కి తీసి, చువ్వలను శుభ్రం చేసి లేదా మార్చి, మళ్లీ పోయాలి. అంతవరకూ కింద ఉన్న కుటుంబాన్ని వేరేచోట ఉంచాలి.

కాంక్రీటు కట్టడాల మన్నిక గురించి డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో చెప్పిన ‘ఐదు రెట్ల సూత్రం’ మీరు వినే ఉంటారు. కట్టేటప్పుడు సరిగా కట్టడానికి ఒక వంతు ఖర్చయితే, అది వదిలేసి నష్టం మొదలయ్యే ముందు నివారించడానికి ఐదు వంతులు, నష్టం మొదలైన తరువాత బాగు చేయడానికి ఇరవై ఐదు వంతులు, అంతటా వ్యాపించిన తరువాత పునరుద్ధరించడానికి నూట ఇరవై ఐదు వంతులు అవుతుందని దాని భావం. ఇవి ప్రతి భవనానికీ అచ్చంగా సరిపోయే అంకెలు కావు, కాని గోటితో పోయేది గొడ్డలి దాకా ఎలా వస్తుందో ఇంతకన్నా సూటిగా చెప్పిన సూత్రం నాకు కనిపించలేదు.

నగరం స్థాయిలో ఇదే ఎలా ఉంటుందో న్యూయార్క్ నగర గృహ సంస్థ లెక్కలు చెబుతాయి. రాబోయే ఇరవై ఏళ్లలో తన ఇళ్లకు కావలసిన పనుల విలువను ఆ సంస్థ 2017లో సుమారు 4,530 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. 2023 నాటి అంచనాలో అది సుమారు 7,830 కోట్ల డాలర్లకు చేరింది. నిర్మాణ ధరలు పెరగడం ఇందులో ఒక కారణమైతే, చేయవలసిన పని చేయక భవనాలు మరింత పాడవడం మరో కారణం. కేంద్రం ఏటా ఇచ్చే డబ్బు అవసరంలో కొద్ది భాగానికే సరిపోతూ వచ్చింది.

ఒక ప్రమాణం కూడా అధికారుల ముందు పెట్టండి. ప్రభుత్వ భవనాలను మంచి స్థితిలో ఉంచాలంటే, వాటిని ఈనాటి ధరలతో మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చులో ఏటా 2 నుంచి 4 శాతం నిర్వహణకు, మరమ్మతులకు కేటాయించాలని అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1990లో సూచించింది. మీ సముదాయపు కేటాయింపు ఇందులో ఎన్నో వంతు ఉందో లెక్క కట్టి, అర్జీతో పాటు జతచేస్తే, ‘నిధులు వచ్చాక’ అనే జవాబు ఇవ్వడం వారికి అంత తేలిక కాదు.

ప్రశ్న: మేము నగరపాలక సంస్థ ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. మరమ్మతుల కోసం అద్దె పెంచుతామని నోటీసు ఇచ్చారు. పేదల ఇళ్ల మరమ్మతుల భారాన్ని పేదలే మోయడం న్యాయమేనా?

జవాబు: పూర్తిగా మీ మీదే వేయడం న్యాయం కాదు. అలా చేసినా ఆ పని సాగదు కూడా. అమెరికాలో 1960లలో జరిగింది అదే. ఖర్చులు పెరిగిన కొద్దీ గృహ సంస్థలు అద్దెలు పెంచుకుంటూ పోయాయి, కొన్ని కుటుంబాలు తమ ఆదాయంలో సగానికి పైగా అద్దెకే కట్టవలసి వచ్చింది. 1969లో బ్రూక్ సవరణ పేరుతో వచ్చిన చట్టం అద్దెను కుటుంబ ఆదాయంలో 25 శాతానికి పరిమితం చేసింది. 1981లో ఆ పరిమితిని 30 శాతానికి పెంచారు. పరిమితి విధించిన తరువాత అద్దెకూ ఖర్చుకూ మధ్య ఏర్పడిన తేడాను ప్రభుత్వం పూడ్చాలి. ఆ మేరకు సబ్సిడీ మొదలయింది గాని చాలినంత ఏనాడూ రాలేదు. అద్దెకు పరిమితి పెట్టి తేడా పూడ్చకపోతే అద్దెదారు జేబుకు బదులు ఇంటి గోడలు ఆ భారం మోస్తాయి.

డెన్మార్క్ చేసిన పని ఇంతకన్నా ఆలోచించి చేసినదని నాకు అనిపిస్తుంది. అక్కడ లాభాపేక్ష లేని గృహ సంఘాల ఇళ్లకు నిర్మాణ రుణం తీరిపోయిన తరువాత కూడా అద్దె తగ్గించరు. అప్పటివరకూ రుణ వాయిదాగా పోయిన సొమ్ములో ఒక భాగం 1967లో ఏర్పాటు చేసిన జాతీయ గృహ నిర్మాణ నిధికి చేరుతుంది. పాత ఇళ్ల పునరుద్ధరణకు, ఇబ్బందుల్లో పడిన సముదాయాలకు ఆ నిధి నుంచి సాయం అందుతుంది. ముందు తరం అద్దెదారులు కట్టిన డబ్బు తరువాతి తరం వారి పైకప్పుకు పనికివస్తుందన్నమాట. ఇందులో కూడా భారం కొంత అద్దెదారుల మీదే ఉంది, కాని అది ఒక్కసారిగా నోటీసు రూపంలో వచ్చి పడదు, కట్టిన డబ్బు మరో పద్దులో కలిసి మాయం కాదు.

కాబట్టి నోటీసుకు జవాబు రాసేటప్పుడు పెంపును వ్యతిరేకిస్తున్నామని ఒక్క వాక్యంతో ముగించకండి. పెంచిన మొత్తం ఏ ఖాతాలో జమ అవుతుంది, ఆ ఖాతా నుంచి మరమ్మతులకు తప్ప మరి దేనికీ ఖర్చు పెట్టరాదన్న నియమం ఉందా, ఆదాయం తక్కువున్న కుటుంబాలకు మినహాయింపు ఉందా అని మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మాకు సబ్సిడీ మీద ఫ్లాటు వచ్చింది, పట్టా మా పేరనే ఉంది. మెట్లు, నీళ్ల ట్యాంకు, లిఫ్టు, డ్రైనేజీ ఎవరివి? స్థానిక సంస్థ మీవే అంటోంది, మేము వారివే అంటున్నాం.

జవాబు: పట్టా ఇచ్చే రోజున తేల్చవలసిన విషయాన్ని తేల్చకుండా వదిలేస్తే ఇదే జరుగుతుంది. ఫ్లాటు లోపలి భాగం యజమానిది, ఉమ్మడి భాగాలు అందరివీ. అందరివీ అన్నప్పుడు ఒక సంఘం, ఆ సంఘానికి ఒక నిధి, ఆ నిధికి నెలనెలా వచ్చే చందా ఉండి తీరాలి. లేకపోతే ట్యాంకు పగిలిన రోజున ఇంటింటికీ తిరిగి డబ్బు పోగుచేయాలి. మొదటి అంతస్తు వారు లిఫ్టుకు మేమెందుకు ఇవ్వాలంటారు, కింది అంతస్తు వారు పైకప్పుతో మాకేం పనంటారు.

సింగపూర్‌లో గృహ, అభివృద్ధి బోర్డు కట్టిన ఫ్లాట్లలో ఎక్కువ భాగం అందులో ఉంటున్నవారి యాజమాన్యంలోనే ఉన్నాయి. అయినా ఉమ్మడి భాగాల బాధ్యతను వారికే వదిలేయలేదు. 1988 నాటి చట్టం కింద ఏర్పడిన పట్టణ మండళ్లు ప్రతి ఇంటి నుంచి నెలనెలా నిర్వహణ రుసుము వసూలు చేస్తాయి, చిన్న ఫ్లాట్లకు రుసుము తక్కువ, ప్రభుత్వ గ్రాంటు తోడవుతుంది. వసూలైనదంతా ఆ నెల ఖర్చులకు వాడేయడానికి వీలులేదు. కొంత భాగాన్ని చట్టప్రకారం దీర్ఘకాలిక నిల్వ నిధికి మళ్లించాలి. రంగులు వేయించడం, పైకప్పు పూత మార్చడం వంటి కొన్నేళ్లకొకసారి వచ్చే పనులు ఆ నిధి నుంచి జరుగుతాయి. ఫ్లాట్ల లోపలి పాత లోపాల కోసం 2007లో గృహ మెరుగుదల కార్యక్రమం ప్రకటించారు. అందులో పెచ్చులూడిన కాంక్రీటు, పాత వ్యర్థజలాల పైపుల వంటి అత్యవసర పనుల ఖర్చును పౌరుల విషయంలో ప్రభుత్వమే పూర్తిగా భరిస్తుంది.

నిల్వ నిధి లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఫ్లాట్లను, అంటే స్థానిక సంస్థల ఫ్లాట్లను కొనుక్కున్నవారికి బాగా తెలుసు. 1980 నాటి గృహ చట్టం అద్దెదారులకు తమ ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కునిచ్చింది. కొన్న చాలా ఏళ్లకు భవనానికి పెద్ద మరమ్మతు వచ్చినప్పుడు, ఒక్కొక్కరికి వేల పౌండ్ల బిల్లులు వచ్చాయి. చివరికి 2014లో, కేంద్ర నిధులతో జరిగే మరమ్మతుల విషయంలో, ఐదేళ్ల కాలానికి లండన్‌లో 15,000 పౌండ్లు, ఇతర చోట్ల 10,000 పౌండ్లు మించి వసూలు చేయరాదని పరిమితి పెట్టవలసి వచ్చింది. నెలకు కొద్దికొద్దిగా దాచుకుని ఉంటే ఆ ఫ్లాట్లు కొన్నవారికి అంత బిల్లు ఒక్కసారిగా వచ్చేది కాదు.

మీ విషయంలో వాదన తెగేవరకూ ఆగకండి. సంఘం రిజిస్టరు చేయించుకుని, చందా ఎంత తక్కువైనా సరే మొదలుపెట్టి, మేము ఇంత జమ చేశాం, మీ వంతు ఎంత అని స్థానిక సంస్థను అడగండి. అప్పగించేనాటికే ఉన్న నిర్మాణ లోపాలను మాత్రం మీ చందాతో బాగు చేయించుకోకండి. వాటిని ఫోటోలతో, తేదీలతో వేరుగా నమోదు చేసి, కాంట్రాక్టరు పూచీ గడువు ముగిసేలోగా నోటీసు ఇవ్వండి.

ప్రశ్న: నేను ఒక స్థానిక సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. గృహ మరమ్మతుల నిధిని ప్రత్యేకంగా ఉంచాలని తీర్మానాలు చేస్తారు, ఏడాది చివరికి ఆ డబ్బు జీతాలకు పోతుంది. దీన్ని ఆపే మార్గం ఏది?

జవాబు: తీర్మానంతో ఆగదు; తీర్మానాన్ని మరో తీర్మానంతో మార్చవచ్చు. చట్టంతోనో, దానికి సమానమైన నిబంధనతోనో కట్టడి చేయాలి. ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వ, గృహ చట్టం 1989లో చేసిన పని ఇదే. కౌన్సిళ్ల గృహ రెవెన్యూ ఖాతా చుట్టూ గోడ కట్టి, అద్దెల డబ్బు సాధారణ నిధికి పోకుండా, సాధారణ నిధి డబ్బు ఇటు రాకుండా చేసింది. అయినా ఆ తరువాత చాలాకాలం అద్దెలను జాతీయ స్థాయిలో కలిపి పంచే పద్ధతి నడిచింది. తాము వసూలు చేసిన అద్దె మరోచోటికి పోతుందని అనేక కౌన్సిళ్లు బాధపడ్డాయి. 2012 ఏప్రిల్ నుంచి స్వయంపోషక విధానం వచ్చింది, కౌన్సిళ్లు తమ వంతు అప్పును నెత్తిన వేసుకుని, అద్దెలను తామే ఉంచుకుని, ముప్పై ఏళ్ల ప్రణాళికలు వేసుకున్నాయి. నాలుగేళ్లు తిరగకముందే, 2016 నుంచి నాలుగేళ్లపాటు అద్దెలను ఏటా 1 శాతం తగ్గించాలని కేంద్రం ఆదేశించడంతో ఆ ప్రణాళికలన్నీ తలకిందులయ్యాయి. అద్దె తగ్గడం ఆ కుటుంబాలకు మేలే, కాని ఆ తేడాను కేంద్రం పూడ్చలేదు. అంటే గోడ కట్టడంతో పాటు, గోడ లోపలికి వచ్చే రాబడిని మరెవరో మార్చే వీలు లేకుండా చూడడం కూడా అవసరమే.

మీ స్థాయిలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. నిధిని వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ ఖాతా నుంచి తీసే ప్రతి చెల్లింపుకూ ఫలానా భవనం, ఫలానా పని అన్న నమోదు ఉండాలని షరతు పెట్టించండి. ఏడాది చివర మిగిలినది మురిగిపోకుండా మరుసటి ఏడాదికి కొనసాగే నిబంధన ఉండాలి. మురిగిపోతుందన్న భయంతోనే మార్చి నెలలాంటి ఆఖరి నెలలలో పనికిరాని పనులు చేయిస్తారు. అప్పు తేవడం తప్పు కాదు, కాని అప్పు గడువు కన్నా ఆ పని మన్నిక ఎక్కువ ఉండాలి. పాతికేళ్లు నడిచే లిఫ్టుకో, మొత్తం పైపుల మార్పుకో బాండ్లు జారీ చేయడం సబబే గాని, ఐదేళ్లకు వెలిసిపోయే రంగుకు ఇరవై ఏళ్ల అప్పు చేస్తే, నాలుగోసారి రంగు వేయించేనాటికి కూడా మొదటి రంగు అప్పే తీరుస్తూ ఉంటారు.

ఖాతా కాపాడుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని ఎలా ఖర్చు పెడుతున్నామన్నదీ అంతే ముఖ్యం. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ కౌన్సిల్ భవనమే. దాన్ని 2016లో పూర్తిచేసిన పునరుద్ధరణలో, ఖర్చు తగ్గించుకునే ప్రయత్నంలో, బయటి గోడలకు ముందు అనుకున్నదాన్ని మార్చి మంటలు అంటుకునే పలకలు బిగించారు. 2017 జూన్ 14న జరిగిన అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. టెండరు ఫైలు మీద కనిపించిన ఆదాను చూసి సంతోషించే ప్రతి సందర్భంలోనూ లెక్కల విభాగంలో ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ప్రశ్న: ఇంత ఖర్చు పెట్టి బాగు చేయించే బదులు పాతవి కూల్చి కొత్తవి కట్టడం మేలు కాదా?

జవాబు: నిర్మాణమే ప్రమాదకరంగా మారినప్పుడు మేలు. మిగతా సందర్భాలలో కూల్చినన్ని ఇళ్లు తిరిగి లేస్తాయన్న భరోసా లేదు, లేచేవరకూ ఆ కుటుంబాలు ఎక్కడ ఉండాలన్నదానికి జవాబు ఉండదు. ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరం 1923లో విధించిన ప్రత్యేక గృహ నిర్మాణ పన్నుతో, 1934 వరకూ అరవై వేలకు పైగా ఇళ్లు కట్టింది. సంపన్నులు ఎక్కువ కట్టే ఆ పన్నుతో లేచిన కార్ల్ మార్క్స్ హోఫ్ 1930లో ప్రారంభమయింది. కిలోమీటరుకు పైగా పొడవున్న ఆ సముదాయంలోని ఇళ్లలో ఈనాటికీ కుటుంబాలు ఉంటున్నాయి. పాత ఇళ్లను అందులో ఉన్నవారిని కదిలించకుండా బాగు చేయించేందుకు ఆ నగరం 1984లో ప్రత్యేక నిధినే ఏర్పాటు చేసింది.

ప్రశ్న: నాది స్థానిక సంస్థ ఇల్లు కాదు, మా అత్తమామల నాటి సొంత చిన్న ఇల్లు. భర్త లేరు. పైకప్పు కురుస్తోంది, బాగు చేయించే స్థోమత లేదు. సొంత ఇల్లున్న పేదవారికి స్థానిక సంస్థలు సాయం చేయడం ఎక్కడైనా ఉందా?

జవాబు: ఉందమ్మా, ఉండాలి కూడా. తక్కువ ఖర్చుతో దొరికే ఇళ్లలో చాలా భాగం ప్రభుత్వం కట్టినవి కావు, మీలాంటివారి పాత ఇళ్లే. అవి కూలితే మీరూ ప్రభుత్వ ఇంటి కోసం వరుసలో నిలబడవలసిందే. మీ పైకప్పు బాగు చేయించడానికి అయ్యే ఖర్చు, మీకు కొత్త ఇల్లు కట్టివ్వడానికి అయ్యే ఖర్చులో చిన్న భాగం. ఈ ఒక్క లెక్క చాలు, ఇలాంటి సాయాన్ని దానంగా కాక పొదుపుగా చూడడానికి.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో తక్కువ ఆదాయం గల ఇంటి యజమానులకు పైకప్పు, విద్యుత్తు, పైపులు, వేడినిచ్చే ఏర్పాట్ల మరమ్మతులను ఉచితంగా చేయించే కార్యక్రమం చాలాకాలంగా ఉంది. ఎదురుచూసేవారి జాబితా బాగా పెరిగిపోవడంతో, ఆస్తుల బదిలీ మీద నగరం వేసే పన్నును 2017 నుంచి 0.1 శాతం పెంచి, ఆ రాబడి ఆధారంగా బాండ్లు జారీ చేసి జాబితాను తగ్గించే పని మొదలుపెట్టారు. ఆస్తులు అమ్ముడయ్యే నగరంలో ఆ అమ్మకాల నుంచే పాత ఇళ్లను నిలబెట్టడం నాకు నచ్చిన ఆలోచన. అదే రాష్ట్రం, అంటే పెన్సిల్వేనియా, 2022లో 12.5 కోట్ల డాలర్లతో ఇంటి మరమ్మతుల కార్యక్రమం ప్రారంభించి, ఒక్కో ఇంటికి 50,000 డాలర్ల వరకూ కౌంటీల ద్వారా ఇప్పించింది. మంచి కార్యక్రమం, కాని అది కరోనా కాలపు సహాయనిధి నుంచి ఒక్కసారి వచ్చిన డబ్బు. అర్జీలు డబ్బును మించిపోయాయి.

ఇటువంటి సాయం మీ దగ్గర ఉందో లేదో కనుక్కునే ముందు ఒక పని పూర్తి చేయండి. ఇల్లు ఇంకా అత్తమామల పేరనే ఉంటే దాన్ని వారసుల పేరుకు మార్పించండి. సాయం ఉన్న చాలా చోట్ల, అర్హులైన పేదల అర్జీలు ఆగిపోయేది ఈ ఒక్క కాగితం దగ్గరే. గ్రాంటు అని చెప్పి ఇచ్చేదానిలో, ఇల్లు అమ్మితే తిరిగి చెల్లించాలన్న షరతు ఉండవచ్చు. సంతకం చేసే ముందు ఆ షరతు ఎన్నేళ్లు ఉంటుందో నమ్మకమైనవారితో చదివించుకోండి.

ప్రశ్న: మేము ఉండే ప్రభుత్వ అద్దె ఇంట్లో పడకగది గోడకు నల్లటి బూజు పట్టింది. మా చిన్నవాడికి దగ్గు తగ్గడం లేదు. మూడుసార్లు చెప్పినా, కిటికీలు తెరిచి ఉంచండి అనే తప్ప వేరే జవాబు లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో ఒక సామాజిక గృహ సంస్థ ఫ్లాటులో రెండేళ్ల బాలుడు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో దీర్ఘకాలం బూజుకు గురికావడం వల్ల వచ్చిన శ్వాసకోశ సమస్యే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. ఆ తల్లిదండ్రులు కూడా పలుమార్లు చెప్పారు. వారి జీవన విధానమే కారణమన్నట్టుగా జవాబులు వచ్చాయి. ఆ బాలుడి పేరు మీదుగా పిలిచే అవాబ్ చట్టం 2023లో ఆమోదం పొందింది, 2025 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం అత్యవసర ప్రమాదాలను 24 గంటల్లో సరిచేయాలి, తీవ్రమైన చెమ్మ, బూజు గురించి చెప్పిన పది పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి. గడువులు పెట్టడం మంచిదే. గడువులతో పాటు డబ్బు కూడా రాకపోతే బూజు ఫైలు ముందుకు జరిగి, పైకప్పు ఫైలు వెనక్కి పోతుంది. ఆ పైకప్పే రేపు మరో గదిలో బూజుకు కారణం అవుతుంది.

కిటికీలు తెరిచి ఉంచడం వంటింటి ఆవిరికి పనికివస్తుంది. గోడలోని పైపు కారుతున్నా, బయటి గోడ బీటలోంచి వాన దిగుతున్నా పనికిరాదు. తేడా మీరే కొంతవరకు చూడగలరు. మరక వాన వెలిసిన తరువాత పెరుగుతుంటే నీరు బయటి నుంచి వస్తోంది. అన్ని కాలాల్లో ఒకే చోట తడిగా ఉంటే పైపును అనుమానించాలి. చలికాలంలో మూలల్లో, బీరువా వెనుక మాత్రమే కనిపిస్తే గాలి ఆడకపోవడం, గోడ చల్లబడడం కారణం కావచ్చు. మరక అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, వారానికొకసారి ఫోటో తీయండి. మంచాన్ని ఆ గోడకు దూరంగా జరిపి, వీలైతే బాబును వేరే గదిలో పడుకోబెట్టండి. అతన్ని వైద్యునికి చూపించి, ఇంట్లో బూజు ఉన్న సంగతి చెప్పి, ఆ విషయం చీటీలో రాయమని అడగండి. నాలుగోసారి నోటితో చెప్పకండి. ఫోటోలు, వైద్యుని చీటీ నకలు జతచేసి రాతపూర్వకంగా ఇచ్చి, మీ దగ్గర ఉండే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ నకలు ఒకటి మీ ప్రాంతపు సభ్యునికి పంపండి, మరొకటి మాకు పంపండి.